చెరిపేసిన టేపులు, మిగిలిన నకళ్ళు: పాత టీవీ పాటల వేట ఎలా సాగుతుంది

1966 జూన్ 16న బీటిల్స్ బృందం బీబీసీ వారి హిట్ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ద పాప్స్' స్టూడియోకు వచ్చి రెండు పాటలు వినిపించి వెళ్ళింది. ఆ కార్యక్రమంలో వాళ్ళు ప్రత్యక్ష ప్రసారంలో కనిపించింది ఆ ఒక్కసారే. అప్పటికి అంతకు మించి పేరున్న బృందం మరొకటి లేదు, అయినా బీబీసీ దగ్గర ఆ రికార్డింగు లేదు. 2019లో బయటపడింది 11 సెకన్ల బొమ్మ. ఎవరో ఇంట్లో టీవీకి ఎదురుగా 8 ఎంఎం కెమెరా పట్టుకుని తీసిన ఫిల్ము అది, శబ్దం కూడా లేదు. ఆ కాస్త ముక్కే పెద్ద వార్త అయింది.

పాత టీవీ ప్రదర్శనల సేకరణకు మూలసూత్రం ఇందులోనే ఉంది. స్టూడియోలో ఉన్న ఒకే ఒక టేపు పోయింది, దాన్ని చూసి ఎవరో ఎక్కడో తీసుకున్న నకలు మిగిలింది. ఇవాళ చలామణిలో ఉన్న అరుదైన క్లిప్పుల్లో చాలావాటి కథ ఇదే. అందుకే అనుభవమున్న సేకర్తలు 'క్లిప్పు ఉందా' అని అడిగి ఊరుకోరు. అసలు టేపుకూ చేతిలో ఉన్న నకలుకూ మధ్య ఎన్ని కాపీలు జరిగాయో అడుగుతారు. వెతకడం, ఎక్కించడం, తేదీ కట్టడం, పంచుకోవడం అన్నీ ఆ దూరాన్ని తగ్గించడానికే, కనీసం ఇంకా పెరగకుండా చూడటానికే.

ఎందుకు చెరిపారు

'టాప్ ఆఫ్ ద పాప్స్' 1964 జనవరి 1న మాంచెస్టర్‌లో, స్టూడియోగా మార్చిన ఒక పాత చర్చి నుంచి మొదలైంది. వారం వారం నడిచి 2006 జులైలో ఆగింది. మొదటి 500 ఎపిసోడ్లలో, అంటే దాదాపు 1973 దాకా, పూర్తిగా మిగిలినవి సుమారు ఇరవై. వాటిలోనూ ఎక్కువభాగం 1969 తర్వాతివే. బీబీసీ దగ్గర పూర్తిగా లేని చివరి ఎపిసోడ్ 1977 సెప్టెంబర్ 8 నాటిది. అక్కణ్ణుంచి అన్నీ ఉన్నాయి. 1970ల చివర్లో ఇంట్లో వీసీఆర్ కొన్నవాళ్ళ క్యాసెట్లకు బొమ్మ విలువ కంటే 'ఆ రోజు ప్రసారం ఎలా సాగింది' అన్న సాక్ష్యంగానే విలువ ఎక్కువ. అదే 1977కు ముందు ఇంట్లో రికార్డు చేసిన టేపు అయితే అందులో ఏముందో చూడకుండా పారెయ్యకూడదు.

చెరపడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనడం తేలిక, కానీ లెక్క వేరే. స్టూడియోలు వాడిన టేపు రెండంగుళాల వెడల్పుది. సెకనుకు 39.7 సెంటీమీటర్ల వేగంతో తిరిగేది, గంట కార్యక్రమానికి సుమారు 1,430 మీటర్ల టేపు కావాలి. ఖరీదైన సరుకు, పైగా మళ్ళీ వాడుకోవచ్చు. వారం తర్వాత హిట్ల జాబితా మారిపోయే కార్యక్రమాన్ని మళ్ళీ వేసే ఆలోచన ఎవరికీ లేదు. వేద్దామన్నా కళాకారుల, సంగీతకారుల సంఘాలతో ఉన్న ఒప్పందాల ప్రకారం మళ్ళీ డబ్బు చెల్లించాలి. నలుపు తెలుపు టేపులకు 1969 నవంబర్‌లో బీబీసీ 1 రంగుల్లోకి మారాక అమ్మకపు విలువ కూడా పోయింది. ఇళ్ళల్లో వీడియో అమ్ముకునే వ్యాపారం అప్పటికి పుట్టలేదు. నాటకాలనూ వార్తలనూ భద్రపరచాలన్న ఆలోచన కొంతైనా ఉండేది. పాప్ సంగీతానికి ఆ మర్యాద దక్కలేదు.

బీబీసీ ఒక్కటే ఇలా చేసిందనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియా ఏబీసీ వారి 'కౌంట్‌డౌన్' తొలి సంవత్సరాల ఎపిసోడ్లు చాలావరకు పోయాయి. దీనికి భిన్నంగా జర్మనీలో రేడియో బ్రెమెన్ 1965 సెప్టెంబర్ 25 నుంచి 1972 డిసెంబర్ దాకా నడిపిన 'బీట్-క్లబ్' టేపులను అట్టేపెట్టుకుంది. అందువల్ల ఒక విచిత్రం జరిగింది. 1960ల చివరి బ్రిటిష్ రాక్ ఎలా ఉండేదో టీవీలో చూడాలంటే లండన్ కంటే బ్రెమెన్ టేపులే ఎక్కువ సాయం చేస్తాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ దృశ్య శ్రవణ భాండాగారం ఐఎన్ఏ దగ్గర కూడా బ్రిటిష్ బృందాల ప్రదర్శనలు మిగిలాయి. ఒక బృందం మీద పనిచేసే సేకర్త ముందుగా ఆ బృందం యూరప్ పర్యటనల తేదీలను పట్టికగా రాసుకుంటాడు. పర్యటనలో ఉన్న బృందాన్ని స్థానిక టీవీవాళ్ళు స్టూడియోకు పిలవడం ఆ రోజుల్లో రివాజు. రెండు కచేరీల మధ్య ఖాళీ రోజు కనిపిస్తే ఆ దేశపు టీవీ కార్యక్రమాల పత్రిక ఆ వారం సంచిక తెరవాలి.

నకళ్ళు ఎక్కడ మిగులుతాయి

మొదటి చోటు విదేశీ అమ్మకాలు. వీడియో ప్రమాణాలు దేశానికొకటి కాబట్టి, అమ్మేటప్పుడు మానిటర్ మీద కనబడే బొమ్మను 16 ఎంఎం ఫిల్ము మీదికి చిత్రీకరించేవారు. బ్రిటన్‌లో దాన్ని టెలిరికార్డింగ్ అనీ, అమెరికాలో కినెస్కోప్ అనీ అంటారు. టేపు చెరిగిపోయినా ఈ ఫిల్ము ఏదో దేశపు గోదాములో ఉండిపోతుంది. దీనితో రెండు నష్టాలున్నాయి. వీడియోలో సెకనుకు 50 అర్ధచిత్రాలు (ఒకటి విడిచి ఒకటి గీతలతో వచ్చే సగం బొమ్మలు) ఉంటే ఫిల్ములో 25 చిత్రాలే మిగులుతాయి, కదలికలోని ఆ నునుపు పోతుంది. మధ్య క్షణాలను లెక్కగట్టి ఆ నునుపు తిరిగి తెచ్చే విడ్‌ఫైర్ పద్ధతి బ్రిటన్‌లో 'డాక్టర్ హూ' టీవీ సీరియల్ పునరుద్ధరణ బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది. రెండో నష్టం రంగు. రంగు టేపును నలుపు తెలుపు ఫిల్ము మీదికి దించినప్పుడు రంగు సంకేతాన్ని వడకట్టకుండా వదిలేసి ఉంటే, అది బొమ్మ మీద సన్నని చుక్కల వరసలా అచ్చయిపోతుంది. ఒకప్పుడు చిరాకు పెట్టిన ఆ చుక్కల్లోనే రంగు సమాచారం ఉంది. 2008లో 'డాడ్స్ ఆర్మీ' అనే హాస్య సీరియల్ ఎపిసోడ్ ఒకదానికి ఈ దారిలోనే రంగు తిరిగొచ్చింది. అందుకే ఫిల్మును తక్కువ నాణ్యతలో స్కాన్ చేసి, చుక్కలు 'శుభ్రం' చేసి, అసలును వదిలించుకోవడమంత చెడ్డ పని ఇంకొకటి లేదు.

రెండో చోటు స్టూడియోలో పనిచేసినవాళ్ళ ఇళ్ళు. డేవిడ్ బౌయీ 1973 జనవరి 3న 'ద జీన్ జీనీ' పాటను 'టాప్ ఆఫ్ ద పాప్స్' కోసం రికార్డు చేశాడు, మర్నాడు ప్రసారమైంది, తర్వాత చెరిగిపోయింది. ఆ రోజు కెమెరా వెనకాల ఉన్న జాన్ హెన్‌షాల్ తాను తయారుచేసిన చేపకన్ను లెన్సు పనితనం చూపించుకోవడానికి ఆ పాటను రెండంగుళాల టేపు మీద ఒక కాపీ అడిగి తీసుకున్నాడు. అది పోయిందని ప్రపంచం అనుకుంటున్న సంగతే ఆయనకు చాలాకాలం తెలియదు. 2011 డిసెంబర్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి, పోయాయనుకున్న టీవీ కార్యక్రమాలు దొరికితే చూపించే 'మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్' సభలో దాన్ని మళ్ళీ చూపించారు. ఇది అసలు టేపు నుంచి నేరుగా తీసిన మొదటి కాపీ, అదీ స్టూడియో ప్రమాణంలో. ఇంతకంటే మంచి నకలు దొరకడం దాదాపు అసాధ్యం. కాబట్టి వెతికేవాళ్ళు చిట్టచివర వచ్చే పేర్ల జాబితాలను శ్రద్ధగా చదవాలి. గాయకుడి దగ్గర కాపీ ఉండే అవకాశం తక్కువ. పని దొరకడానికి నమూనా చూపించాల్సిన లైటింగు మనిషి, కెమెరామన్, నృత్య దర్శకుడు, ఎడిటర్ దగ్గరే ఎక్కువ.

మూడో చోటు మామూలు ఇళ్ళు. ఇళ్ళల్లో బాగా వాడిన వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ 1976లో వచ్చింది, కానీ ఇంటి వీడియో అంతకు ముందే ఉంది. సోనీ సీవీ-2000 అరంగుళం రీలు యంత్రం 1965 నాటిది, ఫిలిప్స్ ఎన్1500 క్యాసెట్ యంత్రం 1972 నాటిది. కొన్న ఇళ్ళు, బడులు, కళాశాలలు తక్కువే, అయినా ఉన్నాయి. 1967లో పింక్ ఫ్లాయిడ్ బృందం 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో కనిపించిన ఒక ముక్క బాగా దెబ్బతిన్న ఇంటి వీడియో టేపు మీదే దొరికింది. దాన్ని 2010 జనవరిలో లండన్‌లో చూపించారు. మరోవైపు శబ్దం ఒక్కటే పట్టుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ. 1960లలో టీవీ స్పీకరు ముందు మైకు పెట్టి రీలు టేపు మీద పాటలు పట్టుకోవడం పిల్లల అలవాటు. బొమ్మ లేదని ఈ శబ్దపు టేపులను చిన్నచూపు చూడటం తగదు, కారణం కింద వస్తుంది.

తరం లెక్క

క్యాసెట్ల మార్పిడి రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. తన దగ్గర మార్చుకోవడానికేమీ లేని కొత్తవాడు ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలా ఖర్చూ పంపితే పాతవాడు కాపీ చేసి పంపేవాడు. ఒకరి నుంచి ఐదుగురికి, వారి నుంచి ఇంకో ఐదుగురికి అలా కాపీలు పాకేవి. పాకిన కొద్దీ బొమ్మ చెడేది. టీవీ నుంచి నేరుగా తీసిన టేపును మొదటి తరం అంటే, నాలుగో తరానికి వచ్చేసరికి ముఖం గుర్తుపట్టడమే కష్టం.

ఒక కాపీ ఎన్నో తరందో చెప్పడానికి కొన్ని గుర్తులున్నాయి. పాల్ పద్ధతి (బ్రిటన్ టీవీ ప్రమాణం) వీహెచ్ఎస్‌లో ఒక్కో కాపీకి రంగు కొద్దిగా కిందికి జారుతుంది. ఎర్ర చొక్కా వేసుకున్న గాయకుడి భుజం మీద చూస్తే చొక్కా గీతకూ ఎరుపు మొదలయ్యే చోటుకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే అన్ని తరాలు గడిచినట్టు. బొమ్మ అడుగున రీడింగ్ హెడ్ మారేటప్పుడు వచ్చే చెదిరిన పట్టీ ఒకటి మామూలే. ఒకదానిమీద ఒకటి రెండు పట్టీలు కనిపిస్తే కాపీకి కాపీ అని అర్థం. బొమ్మ పై భాగం పక్కకు వంగడం, నల్లటి చోట్ల గింజలు గింజలుగా మెరవడం ఇంకొన్ని సూచనలు. శబ్దంలో బుస పెరుగుతుంది, తాళాల మెరుపు తగ్గుతుంది.

తరం ఒక్కటే కొలబద్ద కాదు. అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, సెకనుకు 60 అర్ధచిత్రాలు. బ్రిటన్‌ది పాల్, 50. చవక యంత్రంతో ఒకదాన్నుంచి ఇంకొకదానికి మార్చినప్పుడు పక్కపక్క అర్ధచిత్రాలు కలిసిపోతాయి, డ్రమ్ము పుల్ల రెండు మూడు నీడలుగా కనిపిస్తుంది. ఈ కలగాపులగాన్ని మళ్ళీ విడదీయడం దాదాపు కుదరదు. అందుచేత మార్చిన రెండో తరం కంటే మార్చని మూడో తరం పాల్ కాపీ మేలు. ఇది తెలుగు ఇళ్ళకూ వర్తిస్తుంది. మన దేశానిది కూడా పాల్, 625 గీతలు, 50 అర్ధచిత్రాలు. 1980లలో దూరదర్శన్ పాటల కార్యక్రమాలు పట్టుకున్న క్యాసెట్లను అమెరికా తీసుకెళ్ళిన కుటుంబాలు అక్కడి వీసీఆర్‌లో అవి ఆడక, ఏదో దుకాణంలో ఎన్‌టీఎస్‌సీకి మార్పించుకుని అసలు పారేస్తుంటాయి. అసలు క్యాసెట్ ఇంకా ఉంటే పాల్ ఆడే వీసీఆర్ ఒకటి సంపాదించి మళ్ళీ ఎక్కించాలి. కంప్యూటరు రెండు పద్ధతుల్నీ తీసుకుంటుంది, మార్చాల్సిన పనే లేదు.

2000 తర్వాత క్యాసెట్ల స్థానంలో ఇంట్లో రాసుకునే డీవీడీలు వచ్చాయి. ఇక తరాల బెడద తీరిందని అందరూ సంబరపడ్డారు, అది తొందరపాటు. ఇంటి డీవీడీ రికార్డరు బొమ్మను గట్టిగా కుదిస్తుంది. మెరిసి ఆరే లైట్లు, వేదిక మీద పొగ, గుంపులో ఊగే చేతులు కుదింపుకు బద్ధశత్రువులు. పాప్ కార్యక్రమంలో ఉండేవి అవే. లైటు మెరిసినప్పుడల్లా బొమ్మ చదరపు గళ్ళుగా విరిగిపోతుంది, అది శాశ్వతం. పైగా ఆ డిస్కుల రంగుపొర ఇప్పుడు పాడవుతోంది. అలాంటి డిస్కులుంటే మళ్ళీ కుదించకుండా డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక ఇమేజి ఫైలుగా దించాలి. చదవలేని చోట ఆగిపోకుండా దాటేసి, తర్వాత మళ్ళీ ప్రయత్నించే డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాం ఇందుకు పనికొస్తుంది. ఒక డ్రైవు చదవని భాగాన్ని ఇంకో కంపెనీ డ్రైవు చదివెయ్యడం తరచూ జరిగేదే.

క్యాసెట్‌ను కంప్యూటరుకు ఎక్కించడం

ముందు కిటికీలోంచి టేపు అంచు చూడాలి. తెల్లటి పొడిగా కనిపిస్తే బూజు. దాన్ని వీసీఆర్‌లో పెడితే హెడ్లు మూసుకుపోవడమే కాక తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ బూజు అంటుతుంది. విడిగా సంచిలో పెట్టి, శుభ్రం చేయగలవాళ్ళకు ఇవ్వాలి. టేపు బాగుంటే మొదట రికార్డింగుకు అడ్డుపడే చిన్న ప్లాస్టిక్ పలక విరిచెయ్యాలి, పొరపాటున మీట నొక్కితే ముప్పై ఏళ్ళ సరుకు ఒక్క క్షణంలో పోతుంది. తర్వాత చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి చుట్టాలి, ఏళ్ళ తరబడి ఒకచోట బిగుసుకున్న టేపు సమంగా సర్దుకుంటుంది. డబ్బా విరిగితే వెనక ఉన్న ఐదు స్క్రూలు విప్పి రీళ్ళను ఇంకో డబ్బాలోకి మార్చవచ్చు. తెగిన టేపుకు మామూలు జిగురు టేపు వాడకూడదు. దాని జిగురు కారి హెడ్డును నాశనం చేస్తుంది.

యంత్రం విషయానికొస్తే, ఎస్-వీడియో తీగ వచ్చే ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్ మంచిది. వీహెచ్ఎస్ టేపు మీద వెలుగు, రంగు విడివిడిగా ఉంటాయి. పసుపు రంగు తీగ వాటిని కలిపేస్తుంది, మళ్ళీ విడదీసేటప్పుడు అంచుల వెంట చుక్కలు పాకుతాయి. ఎస్-వీడియోలో ఆ కలపడం జరగదు. టేపు వేగం స్థిరంగా ఉండదు కాబట్టి గీతలను సరిచేసే టైమ్ బేస్ కరెక్టరు కావాలి. కొన్ని వీసీఆర్‌లలో అది లోపలే ఉంటుంది. అయితే బాగా అరిగిన టేపు మీద ఈ కరెక్టరే తికమకపడి బొమ్మ ఎగరేస్తుంది, అప్పుడు ఆపేసి చూడాలి. అన్ని టేపులకూ సరిపడే ఒకే వీసీఆర్ లేదు. రికార్డు చేసిన యంత్రం సర్దుబాటు ఎలా తప్పిందో, చదివే యంత్రం కూడా దానికి దగ్గరగా ఉండాలి. రెండు మూడు వీసీఆర్‌లు మార్చి చూడటం అందుకే. ఎక్కువసేపు పట్టే ఎల్‌పీ వేగంలో తీసిన టేపులతో ఈ బాధ రెట్టింపు.

బజారులో దొరికే చవక యూఎస్‌బీ పుల్లలు రెండు రకాలుగా చెడగొడతాయి. వెలుగును తమంతట తాము పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి, సంకేతం తడబడినప్పుడు చిత్రాలను వదిలేస్తాయి. వదిలేసిన ప్రతి చిత్రానికీ పెదవి కదలికకూ పాటకూ పొంతన తప్పుతుంది. పరీక్ష సులువు. పాల్‌లో సెకనుకు 25 చిత్రాలు, అరగంట కార్యక్రమానికి 45,000 ఉండాలి. ప్రోగ్రాం చూపించే 'వదిలినవి', 'చొప్పించినవి' లెక్కలు రెండూ సున్నా కావాలి. కాకపోతే మళ్ళీ ఎక్కించాలి, తర్వాత ఎడిటింగులో జరిపి సరిపెడతామనుకోవడం వృథా.

ఎక్కించేది 720 x 576 కొలతలో, హఫ్‌వైయూవీ లేదా ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి నష్టంలేని కుదింపులో. గంటకు సుమారు 30 జీబీ అవుతుంది. తెల్లటి చొక్కా, స్పాట్‌లైటు ఉన్న చోట గ్రాఫ్ చూసి వెలుగు మట్టం ముందే తగ్గించుకోవాలి. పైకొస తెగిపోయిన తెలుపు ఎక్కించాక తిరిగి రాదు. అర్ధచిత్రాలను కలపకూడదు, అడుగు పట్టీని కత్తిరించకూడదు, గింజలు తుడవకూడదు. అవన్నీ చూడటానికి చేసే వేరే కాపీలో చేసుకోవచ్చు. ఆ చూసే కాపీని కూడా సెకనుకు 50 చిత్రాలుగా విడదీయాలి, దానికి క్యూటీజీఎంసీ అనే పద్ధతి ఎక్కువ వాడుకలో ఉంది. 25కు కుదిస్తే సగం కదలిక పోయి, ప్రత్యక్ష ప్రసారం కాస్తా సినిమాలా తయారవుతుంది.

ఇటీవల ఇంకో దారి బలపడింది. వీసీఆర్ లోపల హెడ్డు నుంచి వచ్చే ముడి సంకేతాన్నే, యంత్రం దాన్ని బొమ్మగా మార్చకముందే, పట్టుకుని దాచడం. తర్వాత వీహెచ్ఎస్-డీకోడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్నుంచి బొమ్మ తీస్తుంది. గంటకు కుదించకముందు 100 జీబీ దాటుతుంది, వీసీఆర్ విప్పి తీగ అతకాలి, ఓపిక కావాలి. కానీ లాభం గట్టిది. రేపు సాఫ్ట్‌వేర్ మెరుగుపడితే టేపును మళ్ళీ తిప్పకుండానే మెరుగైన బొమ్మ తీసుకోవచ్చు. ఇంకో లాభం చాలామంది గమనించనిది. తెర పైన కనపడని గీతల్లో బ్రిటన్ చానళ్ళు టెలిటెక్స్ట్ పేజీలు, అంటే టీవీ తెర మీద చదువుకునే అక్షరాల పేజీలు, పంపేవి, బీబీసీ వారి సీఫాక్స్ 1974లోనే మొదలైంది. 720 x 576 కొలత ఆ గీతలను వదిలేస్తుంది, ముడి సంకేతంలో అవి ఉంటాయి. వాటి శీర్షికలో తేదీ, గంట, నిమిషం ఉంటాయి. చదవగలిగితే ఆ టేపు ఎప్పుడు రికార్డయిందో ఇక వాదన ఉండదు.

తేదీ కట్టడం, పాట గుర్తించడం

సేకరణల్లో తప్పుల పుట్ట ఇక్కడుంది. ఒక బృందం పాట నాలుగు వారాలు జాబితాలో ఉంటే, 'టాప్ ఆఫ్ ద పాప్స్' మొదటి వారం తీసిందే మళ్ళీ వేసేది, లేదా కొత్తగా పిలిచేది. కాబట్టి ఒకే పాటకు మూడు ప్రసార తేదీలు, రెండు ప్రదర్శనలు ఉండవచ్చు. చొక్కా, గిటారు, వెనక తెర పోల్చి ఏది ఏదో తేల్చాలి. 'రేడియో టైమ్స్' పత్రికలో వచ్చిన 1923 నుంచి 2009 దాకా కార్యక్రమాల వివరాలను బీబీసీ జీనోమ్ అనే వెబ్‌సైటు ఉచితంగా చూపిస్తుంది. అది ముందుగా అచ్చయిన ప్రణాళిక మాత్రమే. నిజంగా ఏం ప్రసారమైందో తెలియాలంటే కేవర్షమ్‌లోని బీబీసీ లిఖిత పత్రాల భాండాగారంలో, ప్రసారం తర్వాత టైపు చేసిన పత్రాలు చూడాలి.

శబ్దపు టేపుల విలువ ఇక్కడే తెలుస్తుంది. 1966లో సంగీతకారుల సంఘం రికార్డుకు పెదవులు కదపడాన్ని అడ్డుకున్నాక, టీవీ కోసం వాద్యభాగాన్ని మళ్ళీ రికార్డు చెయ్యాల్సి వచ్చేది. సంఘం ప్రతినిధి కళ్ళుగప్పి అసలు రికార్డు టేపునే ఇచ్చిన బృందాలున్నాయని ఆ కాలపు సంగీతకారులు నవ్వుతూ చెబుతుంటారు. ఏమైనా చాలా ప్రదర్శనల్లో వినబడేది డిస్కు మీది పాట కాదు, ఆ ఒక్కరోజు కోసం వాయించినది. బొమ్మ పోయినా అది వేరే రికార్డింగు, దానికదే ఒక కృతి.

దీన్ని తెలియక చెడగొట్టినవాళ్ళు తక్కువేం లేరు. క్యాసెట్ శబ్దం బాగాలేదని తీసేసి సీడీ నుంచి పాట అతికిన క్లిప్పులు విపరీతంగా తిరుగుతున్నాయి. కనిపెట్టడం కష్టం కాదు. వ్యాఖ్యాత మాట పాట మొదట్లోకి చొచ్చుకురాకపోవడం, చప్పట్లు మాయమవడం, అరిగిన బొమ్మకు మెరిసే స్టీరియో ఉండటం చాలు. అయితే న్యాయమైన జోడింపు ఒకటుంది. 1988 నుంచి 1991 దాకా 'టాప్ ఆఫ్ ద పాప్స్' శబ్దాన్ని రేడియో 1 ఎఫ్ఎంలో స్టీరియోగా అదే సమయానికి వేసేవారు. ఇళ్ళల్లో వీసీఆర్ ఒకవైపు, ఆడియో క్యాసెట్ మరోవైపు తిరిగేవి. ఆ రెంటినీ కలిపితే టీవీలో అప్పుడు ఎవరికీ రాని స్టీరియో వస్తుంది. కలిపేటప్పుడు వీడియో టేపు శబ్దాన్ని కొలతగా ఉంచి రేడియో టేపును సాగదీయాలి, ఎందుకంటే ఆడియో క్యాసెట్ వేగం ఒక శాతం తేడా వచ్చినా మూడు నిమిషాల పాటలో దాదాపు రెండు సెకన్లు తప్పుతుంది. అసలు శబ్దాన్ని రెండో ట్రాకుగా ఉంచడం మర్యాద.

దొరికిన వివరాలన్నీ ఫైలు పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా రాయాలి. ప్రసార తేదీ, చానల్, ఎన్నో తరం, ఏ వీసీఆర్, ఏ కార్డు, ఏ కుదింపు, ఏం మార్చారు, ఏం తెలియదు. పేరు సంవత్సరం-నెల-తేదీ వరసలో పెడితే కంప్యూటరే కాలక్రమంలో సర్దుతుంది. ఫైలు చెక్సమ్ (ఫైలులోని బిట్లన్నిటినీ లెక్కగట్టి తీసే సంఖ్య) ఒకటి తీసి రాసుకుంటే, పదేళ్ళ తర్వాత కాపీలో ఒక్క బిట్టు మారినా తెలుస్తుంది. వేర్వేరు చోట్ల మూడు కాపీలు లేనిదాన్ని భద్రంగా ఉందనుకోకూడదు.

మెరుగుపరచడమనే బెడద

ఇప్పుడు చెలామణిలో ఉన్న పెద్ద ప్రమాదం చెరపడం కాదు, '4కే' పేరుతో కృత్రిమ మేధ సాయంతో పెంచడం. 240 గీతల వివరం కూడా లేని వీహెచ్ఎస్ బొమ్మ నుంచి ముఖాన్ని పెంచమంటే ఆ సాఫ్ట్‌వేర్ లేనిది ఊహించి గీస్తుంది. వెనక వరసలో నిలబడ్డ వాద్యగాడికి వేరే మనిషి కళ్ళు వస్తాయి, గిటారు తీగలు కలిసిపోతాయి. చూసేవాళ్ళు దానికే ఎగబడతారు, వెతికితే అదే పైకొస్తుంది, ముడి కాపీ పెట్టినవాడి ఖాతా ఎప్పుడో హక్కుల ఫిర్యాదుతో మూతబడి ఉంటుంది. ఇలా పెంచిన కాపీ నుంచి మళ్ళీ కాపీలు పుడతాయి. తరాల లెక్క మళ్ళీ మొదలైంది, ఈసారి బుసకు బదులు నునుపుతో.

హక్కుల సంగతి దాచిపెట్టాల్సిందేమీ లేదు. బ్రిటన్‌లో 1988 నాటి కాపీరైటు చట్టం వీలైనప్పుడు చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడాన్ని ఒప్పుకుంటుంది, పంచడాన్ని కాదు. గౌరవమున్న సేకర్తల బృందాలు అధికారికంగా అమ్మకానికి వచ్చినదాన్ని పంచవు, డబ్బు తీసుకోవు. ఇంకో చిక్కు ఏమిటంటే అధికారిక పునఃప్రసారాలు కూడా అసంపూర్ణమే. బీబీసీ ఫోర్ 2011 నుంచి 1976 ఎపిసోడ్లతో మొదలుపెట్టి వరసగా వేస్తూ వచ్చింది, కానీ వ్యాఖ్యాతల లైంగిక నేరాల వ్యవహారం 2012లో బయటపడ్డాక కొందరు సమర్పించిన ఎపిసోడ్లను దాటేస్తోంది. ఆ వారాలు పాడిన బృందాల అభిమానులకు పాత ఇంటి క్యాసెట్లే దిక్కు. బీబీసీ నిర్ణయంలో తప్పు పట్టడానికేమీ లేదు. వ్యాఖ్యాత లేకుండా పాటలు మాత్రం కత్తిరించి అందుబాటులో పెట్టొచ్చు కదా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

ఇక నిజంగా పోయిందనుకున్నది చేతికి చిక్కితే ఏం చెయ్యాలి? ముందు, ఆడించి చూడాలన్న కుతూహలం ఆపుకోవాలి. అరంగుళం రీలు టేపులకూ ఎన్1500 క్యాసెట్లకూ సరైన యంత్రాలు ఇప్పుడు కొద్దిచోట్లే ఉన్నాయి. జిగట పట్టిన టేపును బలవంతంగా తిప్పితే అయస్కాంతపు పొర ఊడి హెడ్డుకు అంటుకుంటుంది, రెండో అవకాశం ఉండదు. అలాంటి టేపులను నిపుణులు సుమారు 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, ఆపైన ఒక్కసారి ఎక్కించుకుంటారు. ఇంటి ఓవెన్‌లో చెయ్యాల్సిన పని కాదు. ఫిల్ము డబ్బా తెరిచినప్పుడు వెనిగర్ వాసన కొడితే మిగతా ఫిల్ములకు దూరంగా చల్లగా పెట్టాలి, ప్రొజెక్టరుకు ఎక్కించకూడదు. బ్రిటిష్ కార్యక్రమమైతే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, పాత టీవీ కార్యక్రమాల కోసమే పనిచేసే కెలైడోస్కోప్ సంస్థ ఉన్నాయి. 1993 నుంచి నడుస్తున్న 'మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్' సభలకు సరుకు ఇలాగే చేరుతుంది. సొంతదారుడి దగ్గర అక్రమ కాపీ ఉందని వేధించడం వాళ్ళ పని కాదు, స్కాన్ చేసుకుని అసలును తిరిగి ఇవ్వమని అడగవచ్చు. పంపేముందు డబ్బాను, చీటీని, టేపు చుట్టిన తీరును అన్ని వైపులా ఫోటోలు తీసి ఉంచుకోవాలి. చీటీ మీద పెన్సిలుతో రాసిన యంత్రం పేరో, వేగమో, ఒక అంకో దాన్ని ఏ యంత్రంలో ఆడించాలో చెబుతుంది. అది తెలియకే అల్మరాల్లో ఊరికే పడి ఉన్న రీళ్ళు ఉంటాయి.